సమీకరణాలు తుల్యం చేసే యాప్: ముందు కాగితం, తర్వాతే ఫోన్

వంటగ్యాసులో ఉండే బ్యూటేన్ మండే సమీకరణాన్ని యాప్‌లో కొడితే రెప్పపాటులో 2, 13, 8, 10 అని అంకెలు వచ్చేస్తాయి. ఆ 13 ఎక్కడి నుంచి వచ్చిందో మీరు చెప్పలేకపోతే, ఫోన్ లేని పరీక్ష హాల్లో ఆ అంకెలు మీకు అక్కరకు రావు. యాప్‌ని ఎలా వాడితే లెక్క మీ చేతికి వస్తుందో, ఎక్కడెక్కడ అది తప్పుదోవ పట్టిస్తుందో ఇక్కడ వరసగా చెబుతున్నాం. కడప, కర్నూలు, అనంతపురం వైపు పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లల కోసం రాస్తున్నది కాబట్టి ఉదాహరణలు చాలావరకు మన చుట్టూ కనిపించేవే: వంటగ్యాసు, ఎర్రగుంట్ల సున్నపురాయి, మంగంపేట ముగ్గురాయి, చీనీ తోటల్లో కొట్టే బోర్డో మిశ్రమం.

ఇందులో ఫార్ములాలను తెలుగు అక్షరాల్లో రాశాం. యాప్‌లో మాత్రం ఇంగ్లీషు సంకేతాలే టైపు చేయాలి.

ప్లేట్లు, బజ్జీలు

యాప్ తెరిచే ముందే ఒక తేడా గట్టిగా మనసులో పెట్టుకోండి. ఉగ్గాని ప్లేటు చెబితే దాంతోపాటు రెండు బజ్జీలు వస్తాయనుకుందాం. మూడు ప్లేట్లు చెబితే బజ్జీలు ఆరు. ఎన్ని ప్లేట్లు చెప్పాలన్నది మీ ఇష్టం, ప్లేటుకు ఎన్ని బజ్జీలన్నది హోటలు వాళ్లు పెట్టిన లెక్క. ఫార్ములా ముందు రాసే అంకె, అంటే గుణకం, ప్లేట్ల సంఖ్య. సంకేతం కింద చిన్నగా రాసే అంకె, అంటే పాదసూచిక, ప్లేటులోని బజ్జీల సంఖ్య. తుల్యం చేసేటప్పుడు, అంటే బాణానికి రెండు వైపులా ప్రతి మూలకం పరమాణువులు సమానం చేసేటప్పుడు, ప్లేట్ల సంఖ్య మాత్రమే మార్చాలి.

ఆక్సిజన్ ఒకటి తక్కువైందని నీటి ఫార్ములాలో ఓ కింద 2 తగిలిస్తే అది హైడ్రోజన్ పెరాక్సైడ్ అయిపోతుంది. లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ పదార్థమే మారిపోయింది. పిల్లలు చేసే తప్పుల్లో ఇదే మొదటిది. యాప్ ఈ తప్పు ఎప్పుడూ చేయదు, అది గుణకాలనే ముట్టుకుంటుంది. కానీ ఫార్ములా టైపు చేసేది మీరు, అక్కడ మీరు తప్పితే అది సరిదిద్దదు.

యాప్ ఎంచుకుని, పరీక్ష పెట్టండి

ప్లే స్టోర్‌లో 'కెమికల్ ఈక్వేషన్ బ్యాలెన్సర్' అని ఇంగ్లీషులో వెతికితే బోలెడు కనిపిస్తాయి. ఈ పనికి కాంటాక్టులు, లొకేషన్, మైకు ఏవీ అక్కర్లేదు. అవి అడిగే యాప్‌ని వదిలేయండి. ఫొటో తీసి చదివే సౌకర్యం ఉంటేనే కెమెరా అనుమతి ఇవ్వండి. చాలా ఇళ్లలో ఫోన్ అమ్మదో నాన్నదో అయి ఉంటుంది కాబట్టి ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

దించుకున్నాక ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఈ మూడు సమీకరణాలు ఇచ్చి చూడండి.

1. ఇనుము + ఆక్సిజన్ → ఫెర్రిక్ ఆక్సైడ్. జవాబు 4, 3 → 2 రావాలి.

2. పొటాషియం పర్మాంగనేట్ + హైడ్రోక్లోరిక్ ఆమ్లం → పొటాషియం క్లోరైడ్ + మాంగనీస్ క్లోరైడ్ + నీరు + క్లోరిన్. జవాబు 2, 16 → 2, 2, 8, 5 రావాలి.

3. సోడియం క్లోరైడ్ → సోడియం ఆక్సైడ్ + క్లోరిన్. ఇది తుల్యం కాదు, ఎందుకంటే ఎడమవైపు ఆక్సిజనే లేదు. మంచి యాప్ ఆ మాట చెప్పాలి. ఏవో అంకెలు చూపిస్తే ఆ యాప్‌ని తీసేయండి.

నెట్ లేకుండా మూడూ సరిగ్గా చేస్తే అది లెక్క కట్టే యాప్. నెట్ ఉంటేనే పనిచేసేవి కొన్ని తయారు సమీకరణాల పట్టికలో వెతికి తెస్తాయి. పట్టికలో లేనిది అడిగితే చేతులెత్తేస్తాయి.

టైపు చేయడంలోనే సగం తప్పులు

యాప్ తప్పు జవాబు ఇచ్చిందనిపిస్తే ముందు మీరు టైపు చేసిన వరసనే అక్షరం అక్షరం చదవండి. ఎక్కువగా తప్పు అక్కడే దొరుకుతుంది.

పెద్ద అక్షరం, చిన్న అక్షరం. పెద్ద సి, పెద్ద ఓ కలిస్తే కార్బన్ మోనాక్సైడ్. పెద్ద సి, చిన్న ఓ అయితే కోబాల్ట్ లోహం. పెద్ద హెచ్, పెద్ద ఎఫ్ హైడ్రోజన్ ఫ్లోరైడ్, ఎఫ్ చిన్నదైతే హాఫ్నియం. కార్బన్ డైసల్ఫైడ్‌లో ఎస్ చిన్నది పడితే సీజియం అవుతుంది. ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని మాత్రమే తనంతట తాను పెద్దది చేస్తుంది, మిగతావి మీరే చూసుకోవాలి. కీబోర్డు సెట్టింగ్స్‌లో ఆటో కరెక్ట్ ఆపేయండి, లేదంటే మీరు కొట్టిన ఫార్ములాని ఏదో ఇంగ్లీషు మాటగా మార్చే ప్రమాదం ఉంది.

సున్నా, ఓ. నీటి ఫార్ములాలో చివర ఓ అక్షరానికి బదులు సున్నా కొడితే, యాప్ దాన్ని 20 హైడ్రోజన్లుగా చదువుతుంది. తెర మీద రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. 'ఆక్సిజన్ ఒకవైపే ఉంది' అని యాప్ గోల పెడితే మొట్టమొదట చూడాల్సింది ఇదే.

క్లోరిన్ సంకేతం. సి పక్కన చిన్న ఎల్ ఉండాలి. అక్కడ పెద్ద ఐ పడితే కార్బన్, అయోడిన్ అని చదువుతుంది. అంకె ఒకటి పడితే ఇంకా విచిత్రం: క్లోరిన్ అణువు కాస్తా 12 కార్బన్ పరమాణువులవుతుంది.

బ్రాకెట్లు. కాల్షియం హైడ్రాక్సైడ్‌లో ఓహెచ్ చుట్టూ బ్రాకెట్ పెట్టి బయట 2 వేయాలి. బ్రాకెట్ లేకపోతే ఆ 2 హైడ్రోజన్‌కే వర్తిస్తుంది, ఆక్సిజన్ ఒకటే మిగులుతుంది. అల్యూమినియం సల్ఫేట్ తీసుకోండి: అల్యూమినియం కింద 2, సల్ఫేట్ బ్రాకెట్ బయట 3. అల్యూమినియం 2, సల్ఫర్ 3, ఆక్సిజన్ 4 × 3 = 12. ఈ 12 దగ్గర తడబడేవాళ్లు యాప్ వాడేకన్నా ముందు బ్రాకెట్ల లెక్కే ఒక రోజంతా చేసుకోవడం మంచిది.

చుక్క. మైలుతుత్తం స్ఫటికంలో కాపర్ సల్ఫేట్‌తోపాటు 5 నీటి అణువులుంటాయి. పుస్తకంలో మధ్యలో చుక్క పెట్టి రాస్తారు. ఆ చుక్కని కొన్ని యాప్‌లు ఒప్పుకోవు, కొన్ని దశాంశ బిందువనుకుంటాయి. అప్పుడు చుక్క తీసేసి, నీటిని బ్రాకెట్‌లో పెట్టి బయట 5 వేయండి. పరమాణువుల లెక్క అదే వస్తుంది.

బాణం. బాణం బదులు సమానం గుర్తు చాలా యాప్‌లు తీసుకుంటాయి. మీ గుణకాలు ముందే వేసి ఇవ్వకండి, ఒట్టి ఫార్ములాలే ఇవ్వండి.

కెమెరాతో చదివించేవాళ్లు, ఫొటో తీయగానే జవాబు నొక్కకుండా యాప్ చదివిన వరసని నోటుబుక్కుతో పోల్చండి. చేతిరాతలో కింద రాసిన చిన్న 2ని అది పక్కన రాసిన పెద్ద 2గా చదవడం మామూలే.

కాగితం మీద మొదటి లెక్క: వంటగ్యాసు

ఇంటి సిలిండర్‌లో ఉండేది ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. బ్యూటేన్ (సి₄హెచ్₁₀) మండితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. ఫోన్ బోర్లా పెట్టేసి ఇది చేయండి.

ఒక్కో మూలకానికి ఎడమ, కుడి అని రెండు గళ్లు గీయండి. తక్కువ చోట్ల కనిపించే మూలకంతో మొదలుపెట్టి, విడి మూలకంగా ఉన్నదాన్ని చివరికి వదలండి. ఇక్కడ ఆక్సిజన్ విడిగా ఉంది, పైగా కుడివైపు రెండు చోట్ల ఉంది, కాబట్టి దాన్ని ఆఖరున చూద్దాం.

కార్బన్: ఎడమ 4, కాబట్టి కార్బన్ డయాక్సైడ్ ముందు 4.

హైడ్రోజన్: ఎడమ 10, నీటిలో రెండేసి, కాబట్టి నీటి ముందు 5.

ఆక్సిజన్: కుడివైపు 4 × 2 = 8, దానికి నీటిలోని 5 కలిపితే 13. ఎడమవైపు ఆక్సిజన్ అణువుకు రెండేసి పరమాణువులు, కాబట్టి ఆరున్నర అణువులు కావాలి.

ఈ 'ఆరున్నర' దగ్గర చాలామంది ఆగిపోయి, లెక్క తప్పిందనుకుని అంతా కొట్టేస్తారు. తప్పలేదు. అన్నిటినీ 2తో గుణించండి, అంతే: 2 బ్యూటేన్ + 13 ఆక్సిజన్ → 8 కార్బన్ డయాక్సైడ్ + 10 నీరు. ఆ 13 ఇలా వచ్చింది.

ఇప్పుడు సరిచూడండి. కార్బన్ 8, 8. హైడ్రోజన్ 20, 20. ఆక్సిజన్ ఎడమ 26, కుడి 16 + 10 = 26. అణుభారాలతో (బ్యూటేన్ 58, ఆక్సిజన్ 32, కార్బన్ డయాక్సైడ్ 44, నీరు 18) కూడా చూడొచ్చు: ఎడమ 2 × 58 + 13 × 32 = 532, కుడి 8 × 44 + 10 × 18 = 532. ద్రవ్యనిత్యత్వ నియమం అంటే ఇదే.

ఇదంతా అయ్యాకే ఫోన్ తిప్పి యాప్‌లో కొట్టండి. అంకెలు కలిస్తే తర్వాతి లెక్కకు వెళ్లండి. కలవకపోతే యాప్ జవాబుని నోటుబుక్కులోకి ఎక్కించకండి. ఏ మూలకం గడిలో మీ లెక్క మొదట తేడా పడిందో వెతికి, ఆ గడి చుట్టూ సున్నా చుట్టండి. వారం రోజుల తర్వాత ఆ సున్నాలు చూస్తే మీరు ఎప్పుడూ బ్రాకెట్ల దగ్గరే తప్పుతున్నారో, భిన్నాల దగ్గరే తప్పుతున్నారో మీకే తెలిసిపోతుంది.

ఇంటర్ పిల్లలకు: పర్మాంగనేట్ లెక్క

పైన యాప్ పరీక్షకు ఇచ్చిన రెండో సమీకరణాన్ని గళ్ల పద్ధతిలో చేస్తే చాలాసేపు తిప్పలు పెడుతుంది. ఆక్సీకరణ సంఖ్యలతో చేస్తే మూడు అడుగులు.

మాంగనీస్ +7 నుంచి +2కి దిగింది, 5 ఎలక్ట్రాన్లు తీసుకుంది. క్లోరిన్ −1 నుంచి 0కి ఎక్కింది, ఒక్కొక్కటి ఒక ఎలక్ట్రాన్ ఇచ్చింది. క్లోరిన్ వాయువు జంటగా వస్తుంది కాబట్టి ఇచ్చేది రెండేసి. తీసుకునేది 5, ఇచ్చేది 2, రెండూ 10 దగ్గర కలుస్తాయి: పర్మాంగనేట్ 2, క్లోరిన్ వాయువు 5.

పర్మాంగనేట్ 2 అంటే పొటాషియం క్లోరైడ్ 2, మాంగనీస్ క్లోరైడ్ 2. కుడివైపు క్లోరిన్ లెక్కపెట్టండి: 2 + 4 + 10 = 16. అంటే ఆమ్లం 16. అందులో 10 మాత్రమే ఆక్సీకరణం చెందాయి, మిగతా 6 లవణాల్లోకి యథాతథంగా వెళ్లాయి. 10 దగ్గరే ఆగిపోయేవాళ్లు ఈ 6ని మర్చిపోయినవాళ్లు. చివరికి హైడ్రోజన్ 16, కాబట్టి నీరు 8. ఆక్సిజన్ ఎడమ 8, కుడి 8.

యాప్ 16 అని చూపిస్తుంది గానీ, ఆ 16లో 10, 6 అనే రెండు వాటాలున్నాయని చూపించదు. అది మీ కాగితం మీదే కనిపిస్తుంది.

యాప్ లోపల జరిగేది

ఇందులో మాయ ఏమీ లేదు, తొమ్మిదో తరగతి బీజగణితమే. బ్యూటేన్ సమీకరణంలో నాలుగు గుణకాలకు క, ఖ, గ, ఘ అని పేర్లు పెట్టండి. కార్బన్ చెప్పేది: 4క = గ. హైడ్రోజన్ చెప్పేది: 10క = 2ఘ. ఆక్సిజన్ చెప్పేది: 2ఖ = 2గ + ఘ. తెలియనివి నాలుగు, షరతులు మూడు. క = 1 అనుకుంటే మిగతావన్నీ వచ్చేస్తాయి, భిన్నాలు పోగొట్టి అతి చిన్న పూర్ణాంకాలు చూపిస్తుంది.

తెలియనివి షరతుల కన్నా ఒకటే ఎక్కువైతే జవాబు ఒక్కటే. రెండు ఎక్కువైతే లెక్కలేనన్ని జవాబులు వస్తాయి. యాప్ వాడేవాళ్లు ఇక్కడే బాగా మోసపోతారు కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

అంకెలు సరిపోయినా జవాబు తప్పు కావచ్చు

ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట ముగ్గురాయి గనులు ప్రపంచంలోనే పేరుపొందినవి. ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్. దాన్ని నీళ్లలో కరిగే బేరియం లవణాలుగా మార్చాలంటే ముందు బొగ్గుతో కలిపి బాగా వేడిచేసి బేరియం సల్ఫైడ్ చేస్తారు. ఈ చర్య రెండు రకాలుగా రాయొచ్చు:

బేరియం సల్ఫేట్ + 4 కార్బన్ → బేరియం సల్ఫైడ్ + 4 కార్బన్ మోనాక్సైడ్

బేరియం సల్ఫేట్ + 2 కార్బన్ → బేరియం సల్ఫైడ్ + 2 కార్బన్ డయాక్సైడ్

రెండూ విడివిడిగా సరైనవే. ఇప్పుడు రెండు వాయువులనూ కుడివైపు ఒకేసారి పెట్టి యాప్‌కి ఇవ్వండి. 2, 6 → 2, 4, 2 రావచ్చు. 3, 8 → 3, 4, 4 కూడా రావచ్చు. రెండిట్లోనూ పరమాణువులు సరిపోతాయి, లెక్కపెట్టి చూడండి. రెండు వేర్వేరు చర్యలను ఒకే వరసలో కుక్కాం, ఏ చర్య ఎంత జరిగిందో యాప్‌కి తెలిసే దారి లేదు. కొలిమి వేడిని బట్టి, బొగ్గు పాలును బట్టి అది మారుతుంది. ఇలాంటిది ఎదురైతే సమీకరణాన్ని రెండుగా విడగొట్టి రాయండి.

దీన్ని ముందే పసిగట్టడానికి ఒక చిట్కా: పదార్థాల సంఖ్యలో నుంచి మూలకాల సంఖ్య తీసేయండి. 2 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే జాగ్రత్తపడండి. పైదాంట్లో పదార్థాలు 5, మూలకాలు 4, తేడా 1 కదా అనిపిస్తుంది. కానీ బేరియం, సల్ఫర్ రెండు వైపులా ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే ఉన్నాయి, రెండూ చెప్పే షరతు ఒకటే. ఎప్పుడూ జంటగా తిరిగే మూలకాలను ఒకటిగా లెక్కపెట్టాలి. అప్పుడు 5 − 3 = 2.

ఇంకో ఉదాహరణ పరీక్షల్లో తరచూ తగిలేది. పొటాషియం పర్మాంగనేట్ + హైడ్రోజన్ పెరాక్సైడ్ + సల్ఫ్యూరిక్ ఆమ్లం → పొటాషియం సల్ఫేట్ + మాంగనీస్ సల్ఫేట్ + నీరు + ఆక్సిజన్. పదార్థాలు 7, మూలకాలు 5. తేడా 2.

యాప్ 2, 1, 3 → 1, 2, 4, 3 ఇచ్చిందనుకోండి. ఆక్సిజన్ ఎడమ 8 + 2 + 12 = 22, కుడి 4 + 8 + 4 + 6 = 22. సరిపోయింది. అయినా తప్పు. ఎలక్ట్రాన్లు చూడండి: రెండు పర్మాంగనేట్‌లకు 10 ఎలక్ట్రాన్లు కావాలి. పెరాక్సైడ్ ఒక్కోటి 2 మాత్రమే ఇస్తుంది. కాబట్టి పెరాక్సైడ్ 5 ఉండి తీరాలి. సరైన జవాబు 2, 5, 3 → 1, 2, 8, 5. ఆక్సిజన్ 30, 30. హైడ్రోజన్ 16, 16.

పరమాణువులు లెక్కపెట్టే యాప్ ఈ రెండిటికీ తేడా చెప్పలేదు. ఎలక్ట్రాన్ల లెక్క తెలిసిన మీరు చెప్పగలరు.

అయాన్లు ఇచ్చేటప్పుడు వాటి విద్యుదావేశం కూడా ఇవ్వాలి. పర్మాంగనేట్ అయాన్, ఫెర్రస్ అయాన్, హైడ్రోజన్ అయాన్ కలిసి మాంగనీస్ అయాన్, ఫెర్రిక్ అయాన్, నీరు ఇచ్చే సమీకరణానికి జవాబు 1, 5, 8 → 1, 5, 4. ఆవేశం ఎడమ −1 + 10 + 8 = 17, కుడి 2 + 15 = 17. ఆవేశాలు వదిలేసి ఒట్టి సంకేతాలు కొడితే ఇనుము రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది, దాని ముందు 1 వేసినా 100 వేసినా యాప్‌కి ఒకటే. 1, 1, 8 → 1, 1, 4 చూపించినా ఆశ్చర్యపోకండి. అందులో ఆవేశం ఎడమ 9, కుడి 5. ఆవేశం ఎలా టైపు చేయాలో ఒక్కో యాప్‌లో ఒక్కోలా ఉంటుంది, దాని సహాయం పేజీ ఒకసారి చదవండి.

చర్య జరుగుతుందా లేదా అన్నది యాప్ చెప్పదు

రాగి + హైడ్రోక్లోరిక్ ఆమ్లం → కాపర్ క్లోరైడ్ + హైడ్రోజన్ అని ఇవ్వండి. 1, 2 → 1, 1 అని చక్కగా తుల్యం చేసి పెడుతుంది. రాగి ముక్కని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే మాత్రం ఒక్క బుడగ రాదు, ఎందుకంటే చర్యాశీలత శ్రేణిలో రాగి హైడ్రోజన్ కన్నా కింద ఉంది.

ఇనుముతో ఇంకా జాగ్రత్త. ఇనుముని అదే ఆమ్లంలో వేస్తే ఫెర్రస్ క్లోరైడ్ వస్తుంది: 1, 2 → 1, 1. మీరు పొరపాటున ఫెర్రిక్ క్లోరైడ్ టైపు చేస్తే యాప్ 2, 6 → 2, 3 అని అంతే నమ్మకంగా చూపిస్తుంది. కుడివైపు ఏమొస్తుందో పాఠం నుంచి, ప్రయోగశాల నుంచి నేర్చుకోవాల్సిందే.

పదార్థం ఘనమా, ద్రవమా, వాయువా, జలద్రావణమా అన్నది కూడా చాలా యాప్‌లు జవాబులో చూపించవు. వేడి, ఉత్ప్రేరకం, అవక్షేపం గుర్తులూ అంతే. పరీక్షలో వాటిని అడిగితే మీరే రాయాలి, కాబట్టి నోటుబుక్కులో మొదటి నుంచీ అవి పెట్టే అలవాటు చేసుకోండి.

గుణకాలు కిలోలు కావు

గుణకాలు అణువుల పాళ్లు, మోల్‌ల పాళ్లు. వాటిని బరువుల్లోకి మార్చడం వచ్చాక సమీకరణం మీద ఇష్టం పుడుతుంది.

ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు సున్నపురాయిని కాలుస్తాయి. కాల్షియం కార్బొనేట్ → కాల్షియం ఆక్సైడ్ + కార్బన్ డయాక్సైడ్. గుణకాలన్నీ 1. అలాగని కిలోకి కిలో రాదు: 100 కిలోల శుద్ధమైన కాల్షియం కార్బొనేట్ నుంచి సున్నం 56 కిలోలు, వాయువు 44 కిలోలు.

ఇంటి సిలిండర్‌లో గ్యాసు 14.2 కిలోలు. అదంతా బ్యూటేనే అనుకుని లెక్క కడితే, పూర్తిగా మండడానికి దాదాపు 51 కిలోల ఆక్సిజన్ కావాలి, దాదాపు 43 కిలోల కార్బన్ డయాక్సైడ్, 22 కిలోల నీటి ఆవిరి బయటికొస్తాయి. ఆ ఆక్సిజన్ అంతా వంటింటి గాలిలోంచే తీసుకుంటుంది. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, అది ప్రాణం తీసే వాయువు. పొయ్యి వెలిగించినప్పుడు కిటికీ తీసి ఉంచమనడం అందుకే.

చీనీ తోటల రైతులకు బాగా తెలిసిన ఒక శాతం బోర్డో మిశ్రమంలో మైలుతుత్తం 1 కిలో, సున్నం 1 కిలో, నీళ్లు 100 లీటర్లు. సులువుగా రాస్తే చర్య ఇది: కాపర్ సల్ఫేట్ + కాల్షియం హైడ్రాక్సైడ్ → కాపర్ హైడ్రాక్సైడ్ + కాల్షియం సల్ఫేట్. గుణకాలన్నీ 1. మైలుతుత్తం మోలార్ భారం, అంటే ఒక మోల్ బరువు, సుమారు 250 గ్రాములు, కాబట్టి కిలోకి 4 మోల్‌లు. కాల్షియం హైడ్రాక్సైడ్ 74 గ్రాములు, 4 మోల్‌లంటే 296 గ్రాములు. సమీకరణం ప్రకారం 300 గ్రాములు కూడా అక్కర్లేని చోట కిలో సున్నం ఎందుకు? రాగి అయాన్లు విడిగా మిగిలితే ఆకు మాడుతుంది, అవి మిగలకూడదని సున్నం ఎక్కువే వేస్తారు. సమీకరణం కనీసం ఎంత కావాలో చెబుతుంది, ఎంత వేస్తే పంటకు క్షేమమో తోట అనుభవం చెబుతుంది.

సాధనకు కొన్ని

రోజుకు పది సమీకరణాలు చాలు. ఒక్కోదానికి ఐదు నిమిషాలు, అప్పటిదాకా యాప్ తెరవొద్దు. కింద ఫార్ములాలు మీరే రాసుకోండి, అదీ సాధనే.

బజ్జీ పిండిలో వేసే వంటసోడా వేడికి సోడియం కార్బొనేట్, నీరు, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. జవాబు 2 → 1, 1, 1.

కర్నూలు పక్కన గొందిపర్లలో కాస్టిక్ సోడా తయారవుతుంది. ఉప్పునీటిలో విద్యుత్తు పంపితే సోడియం హైడ్రాక్సైడ్, హైడ్రోజన్, క్లోరిన్ వస్తాయి. జవాబు 2, 2 → 2, 1, 1. నీటిని ఎడమవైపు రాయడం మర్చిపోతే యాప్ 'తుల్యం కాదు' అంటుంది, అది మీ తప్పు పట్టుకున్నట్టే.

కె.సి. కాలువ కింద వరికి వేసే యూరియా. అమ్మోనియా + కార్బన్ డయాక్సైడ్ → యూరియా + నీరు. జవాబు 2, 1 → 1, 1. యూరియా ఫార్ములాలో బ్రాకెట్ ఉంది, చూసి కొట్టండి.

బెలూం గుహలు ఏర్పడిన చర్య: కాల్షియం కార్బొనేట్ + నీరు + కార్బన్ డయాక్సైడ్ → కాల్షియం బైకార్బొనేట్. ఇది ముందే తుల్యంగా ఉంది. తుల్యంగా ఉన్నదాన్ని గుర్తుపట్టి చేయి పెట్టకుండా వదలడం కూడా తెలియాలి. ఇదే చర్య వెనక్కి నడిచినప్పుడు గుహ కప్పు నుంచి వేలాడే రాతి ఊడలు తయారవుతాయి.

అల్యూమినియం + సోడియం హైడ్రాక్సైడ్ + నీరు → సోడియం అల్యూమినేట్ + హైడ్రోజన్. జవాబు 2, 2, 2 → 2, 3.

ఆఖరిది లెడ్ నైట్రేట్‌ని వేడిచేయడం: లెడ్ ఆక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, ఆక్సిజన్ వస్తాయి. ఆక్సిజన్ కుడివైపు మూడు చోట్ల ఉండటంతో ఇక్కడ చిక్కు పడుతుంది. లెడ్, నైట్రోజన్ ముందు సరిచేయండి: 1 → 1, 2. ఎడమ ఆక్సిజన్ 6, కుడి 1 + 4 = 5. ఒక పరమాణువు తక్కువ, అంటే అర అణువు. అంతా 2తో గుణిస్తే 2 → 2, 4, 1. ఆక్సిజన్ ఎడమ 12, కుడి 2 + 8 + 2 = 12. ఇప్పుడు యాప్ తెరిచి చూసుకోండి.